ఎర్ర చెవి, నీలి చెవి

పెదగార్లపూడి మండలంలో నాసరయ్య ఫోటో తీయని మొహం లేదు. ముప్ఫయ్యారేళ్లుగా బస్టాండు ఎదురుగా స్టూడియో పెట్టుకుని, పుట్టినవాళ్లనూ పెళ్లాడినవాళ్లనూ తగాదాపడి విడిపోయినవాళ్లనూ అందరినీ అదే తెర ముందు, అదే స్టూలు మీద కూర్చోబెట్టి తీశాడు. ఆదెమ్మను మాత్రం ఒకే ఒక్కసారి తీశాడు. ఆదెమ్మ ఆయన భార్య.

అదీ రేషను కార్డు కోసం. రీలు కెమెరాల రోజులు. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. "కొప్పు సరిగ్గా ఉందా?" అని అడుగుతుండగానే ఈయన నొక్కేశాడు.

"మాట్లాడుతుంటే నొక్కావేందయ్యా! కళ్లు కూడా మూసుకున్నానేమో. ఇంకోటి తియ్యరాదూ?"

"ఒకటి చాల్లే. రీలు దండగ."

కళ్లు మూసుకోలేదు. నోరు మాత్రం కాస్త తెరుచుకుని ఉంది. పాతికేళ్లపాటు ఆ ఫోటో కార్డు మీద అలాగే ఏదో అడుగుతున్నట్టు ఉండిపోయింది. రీలు ఎప్పుడో వానకు తడిసి బూజుపట్టింది. ఆషాఢంలో ఆదెమ్మ పోయింది.

పోయినవాళ్ల పేరు కార్డులోంచి తీయించాలంటే వీధి అవతలే ఉన్న జిల్లా ముఖ ధ్రువీకరణ విభాగానికి వెళ్లాలి. పదకొండో రోజు పని అయిన మర్నాడే వెళ్లాడు.

"అసలు ఫోటో జతపరచాలండి. సరిచూసుకుని వారంలో ఇచ్చేస్తాం" అంది సూపరింటెండెంటు హైమావతి.

ఊరందరి మొహాలూ కంప్యూటర్లో దాచినవాడు, తన పెళ్లాం ఫోటోకు ఒక నకలు తీసుకోవాలన్న ఇంగితం లేకుండా, కార్డు మీద నుంచి ఊడదీసి ఇచ్చేశాడు. తిరిగి రాగానే పెద్దది చేయిద్దామని చెక్క ఫ్రేము ఒకటి తెచ్చి స్టూడియో గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లు ఖాళీ ఫ్రేము చూసి "ఎవరిది నాసరయ్యా?" అనేవాళ్లు. "వస్తది" అనేవాడు.

ఆ వారంలోనే విభాగానికి లోతు వచ్చిపడింది.

విభాగ సంచాలకుడు ప్రద్యుమ్నరావు ఏదో ప్రదర్శన చూడటానికి నగరం వెళ్లాడు. అక్కడ ఒక కంటికి ఎర్ర కాగితం, ఒక కంటికి నీలి కాగితం అంటించిన అట్ట కళ్లద్దాలు పెట్టి పాతకాలం బొమ్మ ఒకటి చూపించారు. రామచిలక బొమ్మ. చిలక ముక్కు పొడుచుకొచ్చిందని ఆయన చేతులు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడట. జిల్లాకు తిరిగి వచ్చేటప్పుడు కారులో కూడా ఆ కళ్లద్దాలు తీయలేదు. మూడో నాటికి ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రజల ఫోటోలు ఇంతవరకు చదునుగా ఉండుట వలన, సదరు వ్యక్తుల ముందు భాగము తప్ప మిగతా భాగము పరిశీలించుటకు వీలుపడక అనేక అక్రమములు చోటుచేసుకొనుచున్నట్లు విభాగము గుర్తించినది. ఇకమీదట సమస్త ఫోటోలును ఎరుపు నీలము వర్ణములతో లోతు కలిగి ఉండవలెను. లోతు లేని ముఖము ముఖముగా పరిగణింపబడదు."

మండలంలో కంప్యూటరు ఉన్న ఫోటోగ్రాఫరు నాసరయ్య ఒక్కడే కాబట్టి కబురు పెట్టారు. భార్య ఫోటో ఇస్తారనుకుని ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

"లోతు ఫోటో చేయడం మీకు తెలుసా?" అన్నాడు ప్రద్యుమ్నరావు.

"తెలుసండి. పని నేర్పినాయన దగ్గర చూశాను. మనిషిని కదలకుండా కూర్చోబెట్టి రెండు ఫోటోలు తియ్యాల. ఒకటి తీశాక కెమెరాను రెండంగుళాలు పక్కకు జరిపి ఇంకోటి. మన కళ్ల మధ్య ఉన్నంత దూరమన్నమాట. ఒకదాన్ని ఎర్రగా, ఒకదాన్ని నీలంగా చేసి కలిపితే, ఆ అద్దాల్లోంచి నిజంగానే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటది."

"మన దగ్గర ఉన్న ఫోటోలెన్ని?"

"పదకొండు లక్షలండి. తలకొకటి" అంది హైమావతి.

"అయితే రెండోది లేదు."

"రెండోది లేకపోతే లోతు రాదండి" అన్నాడు నాసరయ్య.

"ఒక్కదానికే రెండు నకళ్లు తీసి, రంగులు పూసి పక్కకు జరిపితే?"

"వచ్చినట్టు ఉంటది. రాదు."

ప్రద్యుమ్నరావు ఆయన వైపు జాలిగా చూశాడు. "పెద్దాయనా, ఇది కార్యాలయం. వచ్చినట్టు ఉంటే చాలు."

నాసరయ్య తల ఊపాడు. "మా ఆడమనిషి ఫోటో ఒకటి మీ దగ్గరుందండి" అన్నాడు.

"అది ప్రక్రియలో ఉంది" అంది హైమావతి.

పని మొదలైంది. పని ఏమంత కష్టం కాదు. కంప్యూటర్లో ఒక ఫోటోను రెండుగా చేయాలి. ఒకదాంట్లో ఎరుపు మాత్రం ఉంచాలి. రెండోదాంట్లో మిగతా రంగులు, అంటే నీలం, ఆకుపచ్చ ఉంచాలి. దాన్ని అందరూ నీలిదనే అన్నారు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎర్రదాన్ని ఎడమకూ నీలిదాన్ని కుడికీ లాగాలి. అసలు జరపకపోతే రెండూ కలిసిపోయి మామూలు ఫోటో అవుతుంది. జరిపేకొద్దీ ఒక మనిషి ఇద్దరవుతాడు. ప్రజలకు మూడు మిల్లీమీటర్లని ఉత్తర్వు. అంత చిన్న ఫోటోలో మూడు మిల్లీమీటర్లంటే మొహానికి నాలుగు కళ్లు, రెండు ముక్కులు. నాసరయ్య రోజుకు మూడు వందల మందిని ఆరు వందలు చేసి పంపించాడు.

అట్ట కళ్లద్దాలు మాత్రం మండలానికి ఒక్క జతే ఇచ్చారు. ఎవరూ ఎత్తుకుపోకుండా ఆఫీసు కిటికీ ఊచకు పురికొస తాడుతో కట్టారు. రేషను డీలరు దగ్గర అద్దాలు లేవు. అందుకని బియ్యానికి వచ్చిన బూసి రోశమ్మ కార్డు చూసి అడిగాడు.

"ఇందులో ఇద్దరున్నారు. నువ్వెవరివి?"

"ఎర్రదాన్ని."

"నీలిదెవరు?"

"నా సవతి అనుకో! ఇద్దరికీ బియ్యం పొయ్."

డీలరు ఆ కార్డు పట్టుకుని, రోశమ్మను వెంటబెట్టుకుని, ఊచకు కట్టిన అద్దాల దాకా నడిచి వెళ్లి మొహం కిటికీకి ఆనించి చూశాడు. నాసరయ్య చెప్పినట్టే లోతు రాలేదు. అద్దాల్లో రోశమ్మ మొత్తంగా కాస్త వెనక్కి వెళ్లి, ఊదారంగు మసకలో అప్పడంలా వేలాడింది. "కనపడిందా?" అంది రోశమ్మ వెనక నుంచి. "దూరంగా ఉన్నావు" అన్నాడు డీలరు. ఆ నెల బియ్యం రాలేదు.

ఇంతలో ఆఫీసులో పేచీ వచ్చింది. సంచాలకుడి గుర్తింపు కార్డులోనూ మూడు మిల్లీమీటర్లే, అటెండరు యోహాను కార్డులోనూ మూడే. ప్రద్యుమ్నరావుకు అది నచ్చలేదు. హోదాను బట్టి లోతు ఉండాలని పట్టిక తయారైంది. యోహానుకు నాలుగు, గుమాస్తాకు ఆరు, సూపరింటెండెంటుకు తొమ్మిది, సంచాలకుడికి పన్నెండు. గుమాస్తాల సంఘం ధర్నా చేసింది. తమకూ సూపరింటెండెంటుకూ మధ్య మూడు మిల్లీమీటర్ల వివక్ష ఏమిటని నినాదాలు రాసుకొచ్చారు. గుమాస్తాలకు తొమ్మిదిచ్చారు. వెంటనే సూపరింటెండెంట్లు పద్దెనిమిది అడిగారు. వాళ్లకు పద్దెనిమిదిస్తే, తనకు ముప్ఫై లేకుండా కుర్చీలో కూర్చోవడం విభాగానికే అవమానమని ప్రద్యుమ్నరావు పైకి రాశాడు. లోతు సవరణ సంఘం సిఫారసు చేసింది. ముప్ఫై మంజూరైంది. అటు ముప్ఫై, ఇటు ముప్ఫై.

ఫోటో వెడల్పే ముప్ఫయ్యైదు. నాసరయ్య ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని, చెప్పినంతా లాగాడు. ఎర్ర ప్రద్యుమ్నరావు ఎడమ వైపు నుంచి బయటికి పోయాడు. నీలి ప్రద్యుమ్నరావు కుడి వైపు నుంచి పోయాడు. ఎడమ అంచున ఒక ఎర్ర చెవి, కుడి అంచున ఒక నీలి చెవి మిగిలాయి. మధ్యలో తెల్లగా ఉంది.

దాన్ని పెద్దది చేసి ఆఫీసు హాల్లో తగిలించారు. కిందివాళ్లు వచ్చి చూశారు.

"దొరగారి తేజస్సు అచ్చుగుద్దినట్టుంది" అన్నాడు ఒక గుమాస్తా.

"చెవులుంటే చాలు, మనం చెప్పేది వింటే అదే పదివేలు" అన్నాడు యోహాను మెల్లగా.

నాసరయ్య హైమావతి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వారం అన్నది మూడు నెలలైంది. ఆమె ఫైలు తీసింది. ఆదెమ్మ పైన గుండుసూదితో గుచ్చి ఉంది. సూది కొప్పులోంచి పోయింది. నోరు అలాగే కాస్త తెరుచుకుని ఉంది.

"దీనికి లోతు నకలు చేసి ఫైలులో ఉంచితే అసలుది మీకిచ్చేస్తామండి. కానీ చనిపోయినవారికి ఎంత లోతో పట్టికలో లేదు. స్పష్టీకరణ కోసం రాశాం."

"అమ్మా, ఒక్క అయిదు నిమిషాలు ఇయ్యి. స్టూడియోకి పోయి నకలు తీసుకుని తెచ్చిస్తా."

"లోతు నిర్ణయం కాని మొహం ఆఫీసు గడప దాటకూడదండి."

"పోనీ ఇక్కడే ఫోన్లో తీసుకుంటా."

"అలా తీస్తే చదునుగా వస్తుంది కదండీ. చదును ఫోటో తీయడం ఇప్పుడు నేరం." ఫైలు మూసేసింది. మూసేటప్పుడు సూది ఇంకొంచెం లోపలికి దిగింది.

చనిపోయినవారి లోతు మీద ఒక సమావేశం పెట్టారు. బాధితుడు కాబట్టి నాసరయ్యను కూడా పిలిచి తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఇంజినీరింగు శాఖ నుంచి వచ్చినాయన ముందు మాట్లాడాడు.

"మరణించిన వ్యక్తి భూమిలో సుమారు ఆరడుగుల దిగువన ఉండుట సర్వవిదితము. కావున లోతు పద్దెనిమిది వందల మిల్లీమీటర్లు."

"అంటే నాకంటే ఎక్కువా?" అన్నాడు ప్రద్యుమ్నరావు.

అందరూ కంగారుపడ్డారు. టీ వచ్చింది. టీ అయ్యాక హైమావతి లేచి, అది పూడ్చినవారి విషయమనీ, కాల్చినవారు భూమి లోపల ఉండరనీ మనవి చేసింది. సభ ఊపిరి పీల్చుకుంది. ప్రద్యుమ్నరావు తలుపు వైపు తిరిగాడు.

"మీ భార్యను పూడ్చారా, కాల్చారా?"

నాసరయ్య చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"మొహమాటం వద్దు, చెప్పండి. తీర్మానం ఆగిపోయింది."

"కాల్చాం."

"చాలా సంతోషం" అన్నాడు ప్రద్యుమ్నరావు. తీర్మానం రాశారు. పూడ్చినవారి విషయము గోతుల కొలతలు అందిన పిమ్మట పరిశీలించబడును. దహనమైనవారికి లోతు సున్న.

సున్న అంటే ఏమిటో ఆ గదిలో నాసరయ్య ఒక్కడికే తెలుసు. ఎర్రది, నీలిది ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చుంటాయి. మామూలు ఫోటో వస్తుంది. ఆదెమ్మ పోయాక ఆయనకు మొదటిసారి నవ్వు వచ్చింది. నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే హైమావతి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఇయ్యమ్మా, సున్న లోతు నకలు చేసి తెస్తా. నకలు మీరుంచుకుని అసలుది ఇచ్చేయండి."

"నకలు చేస్తే ఎలా ఉంటుందండీ?"

"అచ్చం అసలుదిలాగే ఉంటది."

హైమావతి ఆ మాట కాగితం మీద రాసుకుంది. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"సదరు ఆదెమ్మ గారి అసలు ఫోటోకును, లోతు నకలుకును ఏ విధమైన వ్యత్యాసము లేదని ఫోటోగ్రాఫరే వాంగ్మూలమిచ్చి ఉన్నందున, ఫైలులో గల ఫోటోనే నకలుగా స్వీకరించడమైనది. అర్జీదారు అసలు ఫోటోను ఇంకను సమర్పించవలసి ఉన్నది. ముప్ఫై దినములలో సమర్పించని యెడల సదరు మహిళ మరణము రద్దు చేయబడును."

నాసరయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టూడియోకు వచ్చి ఖాళీ ఫ్రేముకు ఎదురుగా కూర్చున్నాడు. మరణం రద్దయ్యేట్టయితే ముప్ఫై రోజులు ఆగడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ ఆఫీసు చేతిలో ఏ పనీ పూర్తికాదని ఆయనకు తెలుసు.

ఈలోగా మాట ఊళ్లోకి పాకింది. కాల్చినవాళ్లకు మామూలు ఫోటోనేనట! మర్నాటికి స్టూడియో ముందు వరస కట్టారు. అందరికంటే ముందు రోశమ్మ.

"నన్ను కాల్చేశారని రాయి నాసరయ్యన్నా."

"బతికున్నావు గదా రోశమ్మా."

"బతికున్నందుకు మూడు నెలల్నుంచి బియ్యం లేవు. చచ్చి తింటా, నీకేంది?"

విభాగం వెంటనే దరఖాస్తు నమూనా అచ్చువేసింది. "క్రింద సంతకము చేయు నేను, దహనమైనట్లు నా పూర్తి సమ్మతితో తెలియజేయడమైనది. ఇందులో ఎవరి బలవంతమూ లేదు." కింద ఇద్దరు సాక్షులు. భార్యకు భర్త, భర్తకు భార్య సాక్షి సంతకాలు చేసుకున్నారు. ఊరి చివర ఉన్న చర్చి వాళ్లూ మసీదు వాళ్లూ మాత్రం తమకు పూడ్చడమే ఆనవాయితీ అనీ, గోతుల కొలతలు త్వరగా తీయించమనీ వినతిపత్రం ఇచ్చారు. యోహాను ఇంజినీరింగు శాఖ వాళ్ల వెంట టేపు పట్టుకుని తిరిగాడు.

కార్తీకం వెళ్లేసరికి మండలంలో సగం మంది దహనమయ్యారు. వాళ్ల మొహాలు మాత్రం శుభ్రంగా కనపడ్డాయి. వాళ్లకు బియ్యం వచ్చింది. దహనం చేసిన ఘనత చూసి రాజధానిలో సన్మానం చేస్తామని ప్రద్యుమ్నరావుకు పిలుపు వచ్చింది.

కొత్త బట్టలు వేసుకుని వెళ్లాడు. ప్రధాన కార్యాలయం గేటు దగ్గర కాపలావాడు కార్డు అడిగాడు. తీసి చూపించాడు.

"ఇందులో మనిషేడి?"

"నేనేనయ్యా. ముప్ఫై మిల్లీమీటర్లు. జిల్లాలో నా అంత లోతు మరొకరికి లేదు."

కాపలావాడు కార్డును అటూ ఇటూ తిప్పాడు. ఎర్ర చెవిని చూశాడు, నీలి చెవిని చూశాడు, ప్రద్యుమ్నరావు చెవులను చూశాడు. "చెవులు ఎవరికైనా ఉంటాయి సార్. పక్కకు జరగండి, వెనక వాళ్లున్నారు" అన్నాడు. లోపల చప్పట్లు మోగుతున్నాయి. ఆయన రాలేదని సన్మానం ఇంకెవరికో చేసేశారు. కార్డులో మనిషి కనపడని అధికారి పదవి ఖాళీగా ఉన్నట్టే లెక్క అని మర్నాడు పైనుంచి ఉత్తరం కూడా వచ్చింది. పది రోజులలోగా ముఖము చూపించవలెను.

లోతు తగ్గించుకుందామంటే పట్టికలో హోదా తగ్గిపోతుంది. మొహం కనపడాలంటే దారి ఒక్కటే.

మధ్యాహ్నం పూట, జనం పల్చబడ్డాక, ప్రద్యుమ్నరావు స్టూడియోలోకి వచ్చాడు. యోహాను కూడా లేడు. స్టూలు మీద తనే కూర్చున్నాడు.

"నాసరయ్యగారూ, ఒక మామూలు ఫోటో కావాలి."

"దరఖాస్తు తెచ్చారా?"

తెచ్చాడు. నాసరయ్య చదివాడు. క్రింద సంతకము చేయు నేను, దహనమైనట్లు... సంతకం ఉంది. సాక్షుల సంతకాలు లేవు.

"సాక్షులు లేరే."

"నా భార్య చేయనంది." చిన్నగా దగ్గాడు. "అశుభం అంటుంది. మీరు చేయండి. మీకు అనుభవం ఉంది కదా."

నాసరయ్య కాగితం బల్ల మీద పెట్టాడు. కలం తీయలేదు.

"నా ఫోటో."

"అది ఫైలులో నకలుగా..."

"అసలుదో, నకలో. నా ఫోటో."

ప్రద్యుమ్నరావు ఫోను చేశాడు. అరగంటలో హైమావతే స్వయంగా ఫైలు తెచ్చింది. అయిదు నెలలు కదలని కాగితం వీధి దాటి రావడానికి పట్టిన సమయం అంతే. ఆమె గుండుసూది తీసి ఆదెమ్మను నాసరయ్య చేతిలో పెట్టింది. కొప్పులో రెండు చిల్లులు పడ్డాయి. వెనక నుంచి వేసిన రబ్బరు ముద్ర సిరా ముందుకు ఇంకి, బుగ్గ మీద ఊదారంగు మరక అయింది. నోరు అలాగే కాస్త తెరుచుకుని ఉంది.

నాసరయ్య దాన్ని బల్ల మీద, తనకు కనపడేట్టు, కెమెరా పక్కన ఆనించాడు. ప్రద్యుమ్నరావు దహనమైనట్టు తను సాక్షి సంతకం చేసి, రెండోది హైమావతి చేత చేయించాడు. తెర సర్ది, లైటు వేసి, కెమెరా వెనకకు వెళ్లాడు.

"కదలకండి."

నొక్కాడు.

"మాట్లాడబోతుంటే నొక్కారే!" అన్నాడు ప్రద్యుమ్నరావు. "కళ్లు కూడా మూశానేమో. ఇంకోటి తీయండి."

నాసరయ్య నాలుక చివరి దాకా ఒక మాట వచ్చింది. పాతికేళ్ల కిందట అదే గదిలో, అదే స్టూలు మీద కూర్చున్న మనిషితో అన్న మాట. బల్ల మీద ఫోటో వంక చూశాడు. ఆ మాట మింగేశాడు.

"కదలకుండా కూర్చోండి" అన్నాడు.

కెమెరా స్టాండును రెండంగుళాలు పక్కకు జరిపి రెండోది తీశాడు. రెండూ కంప్యూటర్లో బాగా పడ్డాయి. పదకొండు లక్షల మందిలో నిజమైన లోతుకు కావలసిన రెండు ఫోటోలూ ఉన్నది, నిన్నటిదాకా చెవులు మాత్రమే ఉండి ఇవాళ దహనమైన ప్రద్యుమ్నరావు ఒక్కడికే.

ఆదెమ్మది ఒకటే.